రత్నం నడక

పదకొండో రోజు

ఈ రోజు చెరపాల్సిన నడకని చెరపలేదు. తొడుగు నంబరు రెండువేల రెండువందల పదహారు. పేరు నూకరత్నం, వయసు ఇరవై ఎనిమిది. నా కూతురు.

ఈ పుస్తకంలో ఇలాంటివి రాయకూడదు. నడకల గదిలో పనిచేసే వాళ్ళం తొడుగు ఎప్పుడు వచ్చింది, దాన్ని వేసుకుని ఎవరు నడిచారు, ఎప్పుడు చెరిపాం, అంతవరకే రాసి సంతకం పెట్టాలి. పంతొమ్మిదేళ్ళుగా అలాగే రాశాను. ఇప్పుడు ఇలా రాస్తున్నాను. ఎవడైనా అడిగితే అడగనీ, అప్పుడు చూసుకుంటాను.

పొద్దున్నే అసిరమ్మ వచ్చింది. పోయినవాళ్ళు బతికుండగా తొడుక్కున్న, వాళ్ళ నడకని దాచుకున్న తొడుగు వేసుకుని ఇంటివాళ్ళ ముందు ఒక్కసారి నడిచి చూపించడం ఆమె పని. మనిషి నిట్టనిలువు పొడుగు, మాట మాత్రం మెత్తన. "ఈయేల వొద్దులే అసిరమ్మా, సూడాల్సినోడు ఆస్పత్రిలో ఉన్నాడు" అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "సరే అప్పా, ఎప్పుడంటే అప్పుడే ఒస్తాను" అని వెళ్ళిపోయింది.

చూడాల్సినవాడు నా అల్లుడు సూరిబాబు. కొండమీది బజారుకి వెళ్ళే తాడుబండి తాడు తెగినప్పుడు ఇద్దరూ అందులోనే ఉన్నారు. రత్నం అక్కడికక్కడే పోయింది. వాడికి కటి ఎముక రెండు చోట్ల, కుడి తొడ ఎముక ఒక చోట విరిగాయి. రత్నాన్ని సాగనంపిన రోజు వాడికి తెలివి కూడా లేదు. తెలివొచ్చాక వాడు అడిగింది ఒక్కటే: "దాని మొకం ఎలాగూ సూళ్ళేదు. ఒక్కపాలి దాని నడక సూపించత్తా." ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటే నలభై ఐదో రోజు దాకా గడువిచ్చారు. అప్పటికి వాడు కర్రలతో నిలబడతాడట.

తొడుగుని మడతపెట్టి, వేపాకు వేసి నా బీరువాలో పెట్టాను.

పద్నాలుగో రోజు

సూరిబాబు లుంగీలు కావాలన్నాడు. ఆసుపత్రి వాళ్ళిచ్చే నిక్కరు మీద కట్టు ఒరుసుకుంటోందట. వాళ్ళింట్లో పెట్టెలో ఉన్నాయి. ఇల్లు తెరవడం ఎలా?

మెట్టపాలెంలో తాళంచెవుల కాలం ఎప్పుడో పోయింది. సముద్రం కింది వీధిని మింగేశాక కట్టిన ఈ చెక్కవంతెనల మీది ఇళ్ళన్నింటికీ గడప ముందు పలకే తాళం. దాని మీద నాలుగడుగులు వేస్తే, నడకని బట్టి ఇంటి మనిషిని గుర్తుపట్టి తలుపు తెరుచుకుంటుంది. పోయినవాళ్ళ నడకని చెరిపేది అందుకే. నకలు తీసిన వాడిని జైల్లో వేసేదీ అందుకే. రత్నం ఇంటి పలకకి తెలిసినవి రెండే నడకలు. ఒకటి మంచం మీద ఉంది, రెండోది నా బీరువాలో.

తలుపు పగలగొట్టించడానికి అర్జీ పెడితే వారం పడుతుంది. అందుకని తొడుగు వేసుకున్నాను. రక్తసంబంధం ఉన్నవాళ్ళు వేసుకోకూడదని నియమం ఉంది. ఎందుకని ఇంటివాళ్ళు అడిగితే "మైల" అని చెప్పేదాన్ని. నాకు ముందు ఇక్కడ పనిచేసినావిడ అలాగే చెప్పేది, నేనూ అదే చెప్పాను. ఒక్క పూట మైలకి భయపడితే అల్లుడి తొడ పుండైపోతుంది.

నడుము నుంచి కాలివేళ్ళ దాకా ఉండే మేజోడు అది. అసిరమ్మకి వేసినప్పుడు మోకాలి దగ్గర, తుంటి దగ్గర పట్టీలు సర్దడానికే అరగంట పడుతుంది నాకు. ఈ రోజు ఒక్క పట్టీ కూడా సర్దలేదు. రత్నం తొడ ఎముక పొడవు నలభై ఒక్క సెంటీమీటర్లు, నాదీ అంతే. మోకాలి చిప్ప ఎక్కడుండాలో అక్కడే కూర్చుంది. నా కడుపున పుట్టిన ఎముకలు, ఎక్కడికి పోతాయి?

తొడుగులోని దారాలు ఒక్కో కండరాన్ని దాని వరుసలో చిటికెడు కరెంటుతో లేపుతాయి. మనం నడవక్కర్లేదు, కాళ్ళని దాని ఇష్టానికి వదిలేస్తే చాలు. వదిలేశాను. ముందు తొడ ముందు భాగం బిగిసింది, తర్వాత పిక్క. మడమ టక్కున నేలకి తగిలింది. చిన్నప్పుడు నాచు పట్టిన మెట్టు మీద జారిపడ్డప్పటి నుంచి రత్నానికి ఎడమ తుంటి పక్క కండరంలో కొంచెం బలం తక్కువ. ఎడమ కాలి మీద బరువు వేస్తే కుడి తుంటి కాస్త కిందికి జారేది. అది కూడా వచ్చింది. నా తుంటి జారింది.

గోడ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. ఎంతసేపో తెలియదు.

తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. నాలుగో అడుగుకే తలుపు తెరుచుకుంది. తొడుగు నడుం దగ్గరుండే దీపం ఆకుపచ్చగా వెలిగింది. అసిరమ్మ వేసుకున్నప్పుడెప్పుడూ పసుపు దీపమే. నన్ను రత్నమనుకుంది పిచ్చిది. లుంగీలు నాలుగు తెచ్చాను.

పంతొమ్మిదో రోజు

రోజూ వేసుకుంటున్నాను. మొదట బ్రష్షు కోసం, తర్వాత వాడి కళ్ళద్దాల కోసం, ఆ తర్వాత రత్నం తులసికి నీళ్ళు పోయడానికి. తులసి పోయిన వారమే ఎండిపోయింది, అయినా పోస్తున్నాను. నాకు నేను సాకులు చెప్పుకోవడం దేనికి? ఏ పనీ లేకపోయినా వేసుకుంటాను. పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా పదమూడు అడుగులు. వెళ్ళడం, రావడం. రత్నం గరిటె కోసం వెనక్కి తిరిగినప్పుడు ఆగకుండా మడమ మీదే గిర్రున తిరిగేది. ఇప్పుడు నా వంటగదిలో తిరుగుతోంది. కళ్ళు మూసుకుంటే చప్పుడు అచ్చం దానిదే.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాత్రం విప్పేస్తాను. వాడికి చెప్పలేదు. వాడు చూడబోయేదాన్ని ముందే నేను తినేస్తున్నట్టు ఉంటుంది. చూపించినంత మాత్రాన అరిగిపోదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఈ రోజు వాడి కాలు కదిలించే పని నేర్పాను. డాక్టరు చెప్పింది వాడికి అర్థం కాలేదు. "కాలు తోయండి అంటన్నాడు. తోద్దామంటే కండ ఊరుకుంటంది" అన్నాడు.

"కండరం తోయదు బాబూ. లాగడమొక్కటే దానికొచ్చు. తొడ ముందరి కండ లాగితే మోకాలు సాగుద్ది, ఎనకది లాగితే మడుస్తాది. ఒకటి లాగినప్పుడు రెండోది ఒదిలెయ్యాల. అంతే, ఇద్దరు మనుసులు కాపరం సేసినట్టే."

అనకుండా ఉండాల్సింది. వాడు పైకప్పు వైపు చూశాడు. "ఒదిలేసింది గదత్తా" అన్నాడు. నేను దుప్పటి సర్దాను.

ఇరవై ఆరో రోజు

రత్నం ఇంటికి వెళ్తుంటే వంతెన మీద వెనక నుంచి ఎవరో "రత్తమ్మా" అని పిలిచారు. పక్కింటి పోలమ్మ. ఆమెకి కంట్లో పొర, దూరం కనబడదు, చెక్కల మీద అడుగుల చప్పుడు విని పిలిచింది. పిలిచాక గుర్తొచ్చినట్టుంది, చెంగు నోట్లో కుక్కుకుంది. నేనే దగ్గరికి వెళ్ళి, "నానే పోలమ్మా, దాలమ్మని" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, "కొంచిం అటూ ఇటూ నడువప్పా" అంది. నడిచాను. పోలమ్మ వింది. ఆ రోజంతా నాకు ఒంట్లో జ్వరం వచ్చి తగ్గినంత తేలిగ్గా ఉంది.

ఎడమ తుంటి నొప్పి పెడుతోంది. మంచి కీలుని కుంటి నడక నడిపిస్తే నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది? ఆ నొప్పి కూడా నాకు ఇష్టంగానే ఉంది. ఎవరైనా చదివితే నాకు మతి పోయిందనుకుంటారు. అనుకోనివ్వండి.

ముప్పై ఒకటో రోజు

సూరిబాబు మంచం దిగాడు. రెండు చేతుల కింద కర్రలు పెట్టుకుని మూడు అడుగులు వేశాడు. చెమటతో బనీను తడిసిపోయింది. "పద్నాలుగు రోజులుంది గదత్తా. ఆ యేలకి నిలబడే సూస్తాను. కూకుని సూడను" అన్నాడు. వాడి ఆశంతా అక్కడే పెట్టుకున్నాడు. అన్నం తింటున్నది కూడా దానికోసమే.

రత్నం ఇంటి తలుపు నాలుగో అడుగుకి తెరుచుకోలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచాను. తొమ్మిదో అడుగుకి తెరుచుకుంది. ఉప్పుగాలికి పలక కింద తుప్పు పట్టి ఉంటుంది. రేపు నూనె పోయాలి.

ముప్పై ఐదో రోజు

నూనె పోశాను. తుడిచాను. తలుపు తెరుచుకోలేదు. పదిసార్లు నడిచాను, ఇరవైసార్లు నడిచాను. పోలమ్మ బయటికి వచ్చి నిలబడి వింది. "ఎవుల్రా అది?" అని అడిగింది. ఇంటికి వచ్చేశాను.

ముప్పై ఎనిమిదో రోజు

రాయాలి.

చూపించే రోజుకి వారం ముందు తొడుగుని మిషను మీద పెట్టి నడక గీతలు చూడాలి, అది మామూలు పనే. తొలి రోజున తీసిన గీతల కాగితం ఉంటుంది. దాని పక్కన కొత్త కాగితం పెట్టాను. తొలి రోజు రత్నం అడుగు పొడవు అరవై మూడు సెంటీమీటర్లు. ఈ రోజు యాభై రెండు. కుడి తుంటి జారుడు తొలి రోజు కాగితంలో చక్కగా ఉంది, ఈ రోజు కాగితంలో లేదు. మడమ టక్కున తగలడం లేదు, పాదమంతా ఒక్కసారే పడుతోంది. మోకాలు పూర్తిగా సాగకుండానే బరువు వేస్తోంది.

యాభై ఏడేళ్ళ ఆడదాని నడక అది. కుడి మోకాలిలో మృదులాస్థి అరిగిన ఆడదాని నడక. నా నడక.

సొంత మనిషి వేసుకుంటే తొడుగు రోజూ నేర్చుకుంటుంది. మనిషి లావైనా, ముసలైనా, కీలు నొప్పెట్టినా, నడకతో పాటు అదీ మారుతుంది. ఈ ముక్క పంతొమ్మిదేళ్ళలో వందలమందికి చెప్పాను. తొడ ఎముక పొడవు, తుంటి గిన్నె వాలు, మోకాలి కోణం, ఈ మూడూ కలిస్తే తన మనిషే వచ్చిందనుకుని ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. బయటివాళ్ళైతే ఎముకలు కలవవు, పసుపు దీపంతో ఉన్నది ఉన్నట్టు నడిపించి ఊరుకుంటుంది. రక్తసంబంధీకులు వేసుకోకూడదన్నది ఇందుకు. మైలా లేదు, మట్టీ లేదు. ఎవరో తెలిసినవాళ్ళు పెట్టిన నియమానికి మేము మైల అని పేరు పెట్టుకుని, అసలు కారణం మరిచిపోయాం.

ఆకుపచ్చ దీపం చూసి మురిసిపోయాను. నన్ను రత్నమనుకుందని రాసుకున్నాను. అది నన్ను రత్నమనుకుని, ఇరవై నాలుగు రోజులు కూర్చుని, రత్నాన్ని నాలా మార్చుకుంది. నేను వేసిన ప్రతి అడుగుకీ దాని అడుగు ఒకటి పోయింది. పొయ్యి నుంచి కిటికీకి, కిటికీ నుంచి పొయ్యికి, నా కూతుర్ని నేనే తొక్కేశాను.

నకలు లేదు. వెనక్కి తిప్పే మీట లేదు. తొలి రోజు కాగితం మీద గీతలున్నాయి. గీతలు నడవవు.

ముప్పై తొమ్మిదో రోజు

అసిరమ్మకి చెప్పాను. ఆమె తొలి రోజు కాగితం చేతిలోకి తీసుకుంది. తర్వాత, "సెప్పకప్పా. నాను నడుస్తాను. తొలినాటి కాయితం సూసి మడం గట్టిగా కొడతాను, తుంటి దించుతాను. ఏడుపులో ఆ బాబేటి కనిపెడతాడు?" అంది.

ఆ మాటకి నేను ఒప్పుకున్నాను. పూటంతా ఇద్దరం కలిసి కాగితం ముందు పెట్టుకుని నేర్చుకున్నాం కూడా. అసిరమ్మ తుంటి దించింది. చూస్తే ఎవరో రత్నాన్ని వెక్కిరిస్తున్నట్టు ఉంది. "ఆపీ" అని అరిచాను. పాపం, ఆమె ఏం చేసింది? నా తప్పుని కప్పడానికి వచ్చిన మనిషి మీద అరిచాను.

నలభై ఒకటో రోజు

సూరిబాబుకి చెప్పేశాను.

వాడు అప్పుడే మెట్టు ఎక్కడం నేర్చుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. సంతోషంగా ఉన్నాడు. రత్నం పోయాక వాడి మొహంలో సంతోషం చూడటం అదే మొదలు, దాన్ని నేనే పోగొట్టాను. మొదటి నుంచి చెప్పాను. లుంగీలు, తలుపు, దీపం, వంటగది, అన్నీ. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆగకుండా చెప్పాను.

వాడు అంతా విన్నాడు.

"ఒక్కపాలి అన్నాను గదత్తా నాను" అన్నాడు. "నాకు ఒక్కపాలే సాలన్నాను. నువ్వు దినామూ సూసుకున్నావు."

"తెలీక సేసేను బాబూ."

"నీకు తెలీదా? ఊరందరికీ సెప్పేదానివి నువ్వే గదా." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఎల్లత్తా. ఇంక రాకు."

వచ్చేశాను. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించలేదు. వాడన్నదాంట్లో తప్పు ఒక్క అక్షరం లేదు. తెలియక అన్నాను కానీ, తలుపు తొమ్మిదో అడుగుకి తెరుచుకున్న రోజునే లోపల ఎక్కడో నాకు తెలుసు. తెలిసీ నూనె సీసా పట్టుకుని వెళ్ళాను. అప్పుడైనా మానేసి ఉంటే సగం రత్నం మిగిలేది. మానడానికి మనసు రాలేదు.

నలభై ఐదో రోజు

గడువు ఈ రోజుతో సరి. సూరిబాబు రాడనే అనుకున్నాను. ఎవరూ చూడకుండానే చెరపడానికి మీట దగ్గర కూర్చున్నాను. అసిరమ్మ కూడా ఇంటికి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంది.

పది గంటలకి చెక్కల మీద కర్రల చప్పుడు వినిపించింది. వాడే. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతున్నాడు. ఆసుపత్రి నుంచి ఇక్కడికి నూట ఎనభై మెట్లు. నా వైపు చూడలేదు. అసిరమ్మతో, "ఏదుంటే అదే నడువప్పా. ఏటీ కలపకు" అన్నాడు.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను అసిరమ్మకి తొడుగు వేసి, పట్టీలు సర్దాను. పసుపు దీపం వెలిగింది. అసిరమ్మ కాళ్ళు వదిలేసింది.

పదమూడు అడుగులు. చిన్న అడుగులు, పాదమంతా ఒక్కసారే పడే అడుగులు. కుడి మోకాలి మీద బరువు పడకుండా తప్పించుకునే అడుగులు. నేను తల దించుకున్నాను. నా నడకని అల్లుడి ముందు ఎవరో విప్పి చూపిస్తున్నట్టు సిగ్గేసింది. చివరికి వెళ్ళి అసిరమ్మ వెనక్కి తిరిగింది. తిరగడం మాత్రం ఆగకుండా, మడమ మీదే గిర్రున తిరిగింది. అది నాది కాదు. తొడుగు లేకుండా నాకు అలా తిరగడం రాదు, తిరిగితే పడతాను. మిషను గీతల్లో తిరగడం ఉండదు, అందుకని నేను చూడలేదు.

సూరిబాబు ముందుకి ఒంగాడు. కర్ర ఒకటి జారి కింద పడింది. నేను లేచేలోపే వాడు గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మొహమంతా తడిసిపోయింది, తుడుచుకోలేదు.

అసిరమ్మ నా వైపు చూసింది. ఇక మిగిలింది చెరపడమే. మీట మీద వేలు పెట్టి వాడి మాట కోసం ఆగాను. వాడు తలూపాడు. నొక్కాను. దీపం ఆరిపోయింది. సమయం పదీ నలభై.

అసిరమ్మ తొడుగు విప్పి నా చేతికిచ్చి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. కింద పడ్డ కర్ర తీసి వాడి చంక కింద పెట్టాను. ఈసారి వాడు నా మొహం చూశాడు.

"ముసిల్దైతే రత్తం అలాగే నడిసేదేమో గదత్తా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. వాడి ముందు ఏడవకూడదనుకున్నాను, ఏడ్చే హక్కు నాకు లేదనుకున్నాను, అయినా ఏడ్చాను. వాడు ఓదార్చలేదు, వెళ్ళమనీ అనలేదు. నేను ఊరుకునే దాకా నిలబడ్డాడు. తర్వాత, "ఇంటికి దిగబెట్టత్తా" అన్నాడు. కర్రల నడకని పలక గుర్తుపట్టదని ఆఫీసు వాళ్ళు నిన్ననే ఆ ఇంటి తాళం తీసేశారు.

గది తలుపు వేసి వాడి పక్కన నడవబోయాను. వాడు కదల్లేదు.

"నువ్వు ముందు నడు" అన్నాడు.

"పడిపోతావు బాబూ. సెయ్యట్టుకుంటాను."

"పడన్లే. నువ్వు ముందు నడు. నాను ఎనకాల సూసుకుంటా ఒస్తాను."

వాళ్ళింటి దాకా రెండువందల అడుగులు ఉంటుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా, మెల్లగా నడిచాను.